వూయీ రాతి టీ, ఫెంగ్‌హువాంగ్ దాన్‌చోంగ్: ఏది కొనాలి, ఎలా పెట్టాలి

చైనా కొండ ఊలాంగ్‌ల మీద మొదటిసారి డబ్బు పెట్టేవాళ్ళకు తీర్పు ముందే చెప్పేయడం న్యాయం. మధ్యరకం సెగ తగిలిన, వూయీ కొండల షుయ్‌షియాన్ రకం ఒక 50 గ్రాములు, ఫెంగ్‌హువాంగ్ కొండల మీ లాన్ షియాంగ్ రకం ఇంకో 50 గ్రాములు తీసుకోండి. ఈ రెండూ చేతికి అలవాటయ్యాక వూయీలోనే ఇంకో రకమైన రౌగుయ్ వైపు వెళ్ళండి. ఎర్ర డబ్బా మీద బంగారు అక్షరాలతో మెరిసే దా హాంగ్ పావ్‌ను ఆ తర్వాతే చూడండి. వూయీలోని న్యూలాన్‌కెంగ్ లోయ పేరు రాసిన పొట్లం జోలికి మాత్రం మొదటి ఏడాది అసలు వెళ్ళకండి. ఈ టీల ధరను లోయ పేరు నిర్ణయిస్తుంది. రుచిని చాలావరకు నిర్ణయించేది ఆకును రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న చెయ్యి, ఆ తర్వాత బొగ్గుల మీద పట్టిన సెగ. పొట్లం మీద పేరు ఎవరైనా రాసుకోవచ్చు. సెగ సరిగా పట్టలేదంటే మాత్రం మొదటి కప్పులోనే బయటపడుతుంది.

ఊలాంగ్ అంటే గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యలో ఆగిన ఆకు. గ్రీన్ టీలో కోసిన ఆకును త్వరగా వేడికి చూపించి, గాలి తగిలి ఎర్రబడటాన్ని, అంటే ఆక్సీకరణను ఆపేస్తారు. బ్లాక్ టీలో దాన్ని చివరిదాకా పోనిస్తారు. ఊలాంగ్‌లో ఆకు అంచులు మాత్రమే నలిగేలా కుదిపి, అంచు ఎర్రబడి నడిమి ఇంకా పచ్చగా ఉన్న దశలో ఆపుతారు. మన ఇళ్ళలో పాలతో మరిగే సీటీసీ పొడికి ఉన్న సూత్రాలు ఏవీ దీనికి పనికిరావు. పాలు, చక్కెర, అల్లం, యాలకులు ఏవీ వేయరు. ఆకును మరిగించరు. మరిగిన నీళ్ళు ఆకు మీద పోసి కొన్ని సెకన్లలో వంపేస్తారు. అదే ఆకు మీద ఏడెనిమిదిసార్లు నీళ్ళు పోస్తారు, ప్రతిసారీ రుచి కొంత మారుతుంది. ఆ మార్పు కోసమే ఈ టీ కొంటాం.

వూయీ: ఎత్తు లేని కొండ టీ

ఫూజియాన్ ప్రావిన్స్ ఉత్తర భాగంలో ఉన్న వూయీ కొండలు 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. కొండ టీ అనగానే మనకు మబ్బుల్లో ఉండే తోటలు మనసులోకి వస్తాయి గాని, వూయీలో పేరున్న తోటలు కొన్ని వందల మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. ఇక్కడి గొప్పతనం రాతిది. ఎర్ర ఇసుకరాయి, గులకరాళ్ళు గట్టిపడిన శిలలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. వాటి మధ్య ఇరుకు లోయల్లో రోజుకు కొద్ది గంటలే ఎండ పడుతుంది. బండల సందుల్లోంచి నీరు ఊరుతుంది గాని గరుకు నేలలో నిలవదు. ఆ నేలలో పెరిగిన ఆకుతో చేసిన ఊలాంగ్‌ను యాన్‌చా, అంటే రాతి టీ అంటారు.

ధర ఎందుకు అంత తేడాగా ఉంటుందో తెలియాలంటే అక్కడివాళ్ళు చేసే విభజన తెలియాలి. రక్షిత ప్రాంతం లోపలి బండల మధ్య పండినది జెంగ్‌యాన్, అసలు రాతిది. దాని చుట్టూ అంచుల్లో పండినది బాన్‌యాన్, సగం రాతిది. ఏటి ఒడ్డున మెత్తటి మట్టిలో పండినది జౌచా. జెంగ్‌యాన్‌లోనూ న్యూలాన్‌కెంగ్, హుయ్‌యువాన్‌కెంగ్, లియూషియాంగ్‌జియాన్ వంటి కొన్ని లోయలకు విపరీతమైన పేరుంది. న్యూలాన్‌కెంగ్ రౌగుయ్ ఒక జిన్, అంటే 500 గ్రాములు, వేల యువాన్ల దగ్గర మొదలై ఎక్కడికో పోతుంది. ఆ లోయ చాలా చిన్నది. ఆ పేరుతో అమ్ముడయ్యే టీ అంతా అందులో పండటం సాధ్యం కాదు. దూరాన కూర్చుని పొట్లం కొనేవాడికి దాన్ని తేల్చుకునే మార్గం కూడా లేదు. చేయి తిరిగినవాళ్ళు శ్రద్ధగా కాల్చిన బాన్‌యాన్ ఆకు, పేరు మాత్రమే ఉన్న జెంగ్‌యాన్ ఆకు కన్నా నూటికి తొంభైపాళ్ళు మంచి కొనుగోలు.

రాత్రి కుదుపు, తర్వాత సెగ

కోత ఏప్రిల్ చివర మొదలై మే నెల మధ్య దాకా సాగుతుంది. గ్రీన్ టీకి కోసినట్టు లేత మొగ్గలు కోయరు. మొగ్గ విచ్చుకుని ముదురు ఆకుగా మారాక మూడు నాలుగు ఆకుల రెమ్మ తుంచుతారు. లేత ఆకు రాత్రి కుదుపుకు తట్టుకోలేదు, చేదుగా తయారవుతుంది. ఎండలో కాసేపు వాడబెట్టి, వెదురు తట్టల్లో గాని తిరిగే వెదురు పీపాల్లో గాని ఆకును కుదుపుతారు. కొంతసేపు ఆరనిచ్చి మళ్ళీ కుదుపుతారు. ఇది ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, తెల్లవారేదాకా నడుస్తుంది. గాలిలో చెమ్మ, వేడి ఎంత ఉన్నాయో, ఆకు వాసన ఎలా మారుతోందో చూసుకుంటూ ఎప్పుడు ఆపాలో తేల్చాలి. ఇక్కడ తొందరపడితే టీలో పచ్చివాసన మిగిలిపోతుంది, అది ఎంత సెగ పట్టినా పూర్తిగా పోదు. తర్వాత వేడి పెనంలో ఆక్సీకరణ ఆపి, వేడిగా ఉండగానే నలిపి, ఆరబెడతారు.

ఇంతవరకు తయారైనది ముడి టీ మాత్రమే. కాడలు, పసుపు ఆకులు ఏరేశాక అసలు సెగ మొదలవుతుంది. బొగ్గులు బాగా రాజేసి, పైన బూడిద కప్పి, మంట లేకుండా నిదానమైన వేడి వచ్చేలా చేస్తారు. దాని మీద వెదురు గంపల్లో ఆకు పరిచి గంటల తరబడి కాలుస్తారు. మధ్యమధ్య చేత్తో తిరగేస్తారు. ఒకసారి కాల్చాక వారాల తరబడి ఆకును పక్కన పెట్టి మళ్ళీ కాలుస్తారు. నిండు సెగ టీలకు ఇలా రెండు మూడుసార్లు జరుగుతుంది. ఈ పనితనం 2006లో చైనా జాతీయ అమూర్త వారసత్వ జాబితా మొదటి విడతలోనే చోటు సంపాదించింది. 2022 నవంబరులో యునెస్కో గుర్తించిన చైనా సంప్రదాయ టీ తయారీ విధానాల్లోనూ ఉంది.

కొనేవాడికి ఇందులోంచి వచ్చే పాఠం ఒక్కటి. వూయీ టీకి తాజాదనం గుణం కాదు. మేలో కోసిన ఆకు జూన్‌లో పొట్లంలో కనిపిస్తే సెగ పూర్తికాలేదని అర్థం. తేలిక సెగవి జులై, ఆగస్టు నుంచి వస్తాయి. నిండు సెగవి చలికాలానికి గాని సిద్ధం కావు. కాల్చిన వెంటనే తాగితే బొగ్గు వాసన ముందుకొస్తుంది, గొంతు పొడిబారుతుంది. ఆ ఘాటు దిగడానికి కనీసం రెండు మూడు నెలలు మూతపెట్టి ఉంచాలి. చాలామంది మొదటి పొట్లం తాగి, ఇది మాడిన వాసన వస్తోందని తీసిపారేస్తారు. అందులో చాలా పొట్లాలు సెగ దిగనివే. మూడు నెలలాగి చూస్తే అదే ఆకు తియ్యగా మారుతుంది. అందుకే అమ్మకందారును అడగవలసిన మొదటి ప్రశ్న కోత ఏ సంవత్సరానిది అని కాదు, ఆఖరిసారి ఎప్పుడు కాల్చారు అని. దానికి నెలతో సహా జవాబు చెప్పగలిగిన దుకాణాన్ని నమ్మవచ్చు.

రకాలవారీగా

షుయ్‌షియాన్ పెద్ద ఆకు రకం. ఎండు ఆకు పొడవుగా, ముదురు గోధుమరంగులో, మెలితిరిగి ఉంటుంది. టీ చిక్కగా, నూనెలా జారుతూ దిగుతుంది. పూలవాసన ఉంటుంది గాని ముందుకు దూకదు. మొదటిసారి కొనేవాళ్ళకు దీన్నే చెప్పడానికి కారణం, ఇది పొరపాట్లను క్షమిస్తుంది. పది సెకన్లు ఎక్కువ ఉంచినా విషంలా చేదు కాదు. అరవై ఏళ్ళు పైబడిన చెట్ల ఆకును లావ్‌చోంగ్ షుయ్‌షియాన్ అంటారు. అందులో తడి చెక్క, నాచు పట్టిన రాయి వాసన తెలుస్తుంది. నచ్చినవాళ్ళకు అది ప్రాణం. కాని చెట్టు వయసు నిర్ధారించే దారి కొనేవాడికి లేదు కనుక, ఆ మాట కోసం రెట్టింపు ధర ఇవ్వనక్కర్లేదు.

రౌగుయ్ పేరుకు దాల్చిన. దాల్చినచెక్క ఘాటు నిజంగానే వస్తుంది, ముఖ్యంగా రెండో మూడో నీళ్ళలో, కప్పు మూత వాసన చూసినప్పుడు. వాసనలో రౌగుయ్‌ని, చిక్కదనంలో షుయ్‌షియాన్‌ని మించినది లేదని వూయీలో ఒక నానుడి ఉంది, అది అక్షరాలా నిజం. రౌగుయ్‌లో నాలుక అంచుల మీద పదును ఉంటుంది. మంచి దానిలో ఆ పదును నిమిషంలో తీపిగా తిరుగుతుంది, నాసిదానిలో వగరుగా నాలుకను పట్టేస్తుంది. తేలిక సెగ రౌగుయ్ పండు వాసనతో మొదట్లో ఆకట్టుకుంటుంది కాని అయిదో నీళ్ళకే పలచబడుతుంది. డబ్బుకు విలువ మధ్యరకం సెగలోనే ఉంది.

దా హాంగ్ పావ్ గురించి ఉన్నంత గందరగోళం మరే టీ గురించీ లేదు. జియులోంగ్‌కె అనే చోట రాతి అంచు మీద ఆరు తల్లి చెట్లు ఉన్నాయి. 2006 నుంచి వాటి ఆకు కోయడం ఆపేశారు. ఆఖరి కోతలోంచి 20 గ్రాములు 2007లో బీజింగ్ జాతీయ మ్యూజియంకు చేరాయి. అంతకుముందు 2005లో 20 గ్రాములు వేలంలో 2,08,000 యువాన్లకు పోయాయి. కనుక తల్లి చెట్ల ఆకు అని ఎవరన్నా అమ్మితే అది అబద్ధం, అక్కడితో మాట ఆపేయవచ్చు. కొమ్మల అంట్లతో పెంచిన చీ దాన్ రకం నుంచి చేసిన, వేరే ఏదీ కలపని దా హాంగ్ పావ్ దొరుకుతుంది, ధర ఎక్కువ. మార్కెట్లో ఎక్కువగా ఉండేది షుయ్‌షియాన్, రౌగుయ్, ఇంకొన్ని రకాలు కలిపిన మిశ్రమం. మిశ్రమం అంటే తక్కువని అనుకోకండి. చిక్కదనం ఒకదాన్నించి, వాసన ఇంకొకదాన్నించి తెచ్చి కుదర్చడం గొప్ప నేర్పు. మంచి మిశ్రమం ఏటా దాదాపు ఒకే రుచిలో ఉంటుంది. చెడ్డ మిశ్రమంలో మాత్రం అమ్ముడుపోని పాత ఆకునంతా కలిపి, తప్పులు కనపడకుండా మాడ్చేస్తారు. మిశ్రమంలో ఏ రకాలు ఉన్నాయో చెప్పే దుకాణంలోనే కొనండి.

తియె లోహాన్, షుయ్ జిన్ గుయ్, బాయ్ జిగ్వాన్ పేరున్న రకాలే. తియె లోహాన్‌లో కొద్దిగా ఎండు మూలికల వాసన ఉంటుంది, నిండు సెగకు బాగా తట్టుకుంటుంది. బాయ్ జిగ్వాన్ ఆకు చెట్టు మీదే పసుపుపచ్చగా ఉంటుంది. సెగ తేలికగా పట్టాలి, లేకపోతే దాని సున్నితనం పోతుంది. ఈ మూడూ తర్వాత చూసుకోవచ్చు.

ఫెంగ్‌హువాంగ్ దాన్‌చోంగ్

గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్ తూర్పు అంచున చావ్‌జౌ నగరం. దానికి ఉత్తరాన ఫెంగ్‌హువాంగ్ కొండలు. ఇక్కడ మాత్రం ఎత్తుకు విలువ ఉంది. వూదోంగ్ కొండ మీద వెయ్యి మీటర్ల పైన ఉన్న పాత చెట్ల ఆకుకూ దిగువ తోటల ఆకుకూ వాసనలో కన్నా నోట్లో నిలిచే కాలంలో తేడా తెలుస్తుంది. దిగువ ఆకు రెండు గుక్కల తర్వాత మాయమవుతుంది. ఎత్తు మీది ఆకు గొంతులో చాలాసేపు ఉంటుంది.

ఒక్కొక్క చెట్టును విడిగా కోసి, విడిగా తయారుచేసే అలవాటు నుంచి ఈ దాన్‌చోంగ్ టీలు పుట్టాయి. ఏ చెట్టు ఆకు ఏ వాసన ఇస్తుందో చూసి దాని పేరు పెట్టారు. బయటి పూలు గాని, సుగంధాలు గాని కలపరు. సంపంగి జాతికి దగ్గర చుట్టమైన మాగ్నోలియా వాసన ఉన్నది యూ లాన్ షియాంగ్. అల్లప్పువ్వు వాసనది జియాంగ్ హువా షియాంగ్. బాదం గింజ వాసనది షింగ్ రెన్ షియాంగ్. ఆర్కిడ్ వాసనది జీ లాన్ షియాంగ్. కోత వూయీ కన్నా ముందు, మార్చి చివరా ఏప్రిల్‌లో ఎక్కువ.

వీటిలో మీ లాన్ షియాంగ్ మొదట కొనదగినది. తేనె, పండిన లీచీ, కాల్చిన చిలగడదుంప వాసనలు చక్కగా వస్తాయి, సెగ మధ్యరకంగా ఉంటే చేదు అణిగి ఉంటుంది. విరివిగా పండుతుంది కనుక అందుబాటు ధరలో నిజాయితీ సరుకు దొరుకుతుంది. యా షీ షియాంగ్ ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న పేరు. పేరులో బాతు రెట్ట ఉన్నా దానికి రుచితో సంబంధం లేదు. 2014లో దీనికి యిన్ హువా షియాంగ్ అనే మర్యాదపేరు పెట్టారు, పాత పేరే నిలిచింది. మంచి యా షీ షియాంగ్‌లో పాలమీగడ నునుపూ హనీసకిల్ పూల తేలిక వాసనా కలిసి ఉంటాయి. గిరాకీ పెరిగి చైనాలో చల్లటి నిమ్మకాయ టీ అమ్మే దుకాణాల దాకా చేరింది. దిగువ భూముల్లో విపరీతంగా నాటారు. అందువల్ల చవకగా దొరికే యా షీ షియాంగ్‌లో ఎక్కువ భాగం వాసనే తప్ప చిక్కదనం లేనిది. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగితేనే కొనండి, లేదంటే అదే డబ్బుతో మంచి మీ లాన్ వస్తుంది.

జీ లాన్ షియాంగ్ నా దృష్టిలో దాన్‌చోంగ్‌లన్నిటిలోకీ గొప్పది. కాని చేయి కుదిరేదాకా దాన్ని పాడుచేసుకుంటాం. నీళ్ళు అయిదు సెకన్లు ఎక్కువ నిలిచినా వాసన వెనక్కి పోయి చేదు ముందుకొస్తుంది. తేలిక సెగ దాన్‌చోంగ్‌లు డబ్బా తెరిచినప్పుడు గది నిండా గుబాళిస్తాయి, ఏడాది తిరిగేసరికి నీరసిస్తాయి. బొగ్గుల మీద రెండుసార్లు కాల్చినవి రెండేళ్ళు హాయిగా నిలుస్తాయి.

అన్‌షీ తియెగ్వాన్‌యిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫూజియాన్ దక్షిణాన పుట్టిన ఈ టీ ఆకును ఉండల్లా చుడతారు. పచ్చరంగులో, ఆర్కిడ్ వాసనతో ఉన్న తేలిక రకాన్ని గాలి తీసేసిన చిన్న పొట్లాల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండల్లో బయట ఉంటే కొద్ది నెలల్లోనే చప్పబడుతుంది. ఓడలో, గోదాముల్లో ఎన్నాళ్ళు వేడిలో ఉందో తెలియని పచ్చ తియెగ్వాన్‌యిన్‌ను దూరం నుంచి తెప్పించుకోవడం దండగ. సెగ పట్టిన నోంగ్‌షియాంగ్ రకమైతే ఆ బాధ లేదు.

నీళ్ళు

ఆకు కన్నా ముందు నీళ్ళ సంగతి చూసుకోవాలి. హైదరాబాద్‌లో గాని, రాయలసీమలో గాని బోరు నీళ్ళతో ఈ టీ పెడితే పైన తెట్టు కడుతుంది, రంగు నల్లబడుతుంది, వాసన చచ్చిపోతుంది. నీళ్ళలోని సున్నం చేసే పని ఇది. ఆర్వో నీళ్ళు మరీ ఒట్టిగా ఉంటే టీ పలచగా, పదునుగా అనిపిస్తుంది. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు వందల్లోనే దొరుకుతుంది, కొనుక్కోండి. 60 నుంచి 120 మధ్య ఉన్న నీళ్ళు ఈ టీలకు బాగా కుదురుతాయి. ఆర్వో నీళ్ళలో కొద్దికొద్దిగా మునిసిపల్ నీళ్ళు కలుపుతూ మీటరు 80 దగ్గరికి తెచ్చుకుంటే సరిపోతుంది. క్లోరిన్ వాసన ఉంటే ఆ నీళ్ళను ముందు రాత్రి మూత లేకుండా ఉంచాలి. హైదరాబాద్ ఎత్తులో నీళ్ళు సుమారు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

గైవాన్, కొలతలు

100 నుంచి 110 మిల్లీలీటర్లు పట్టే పింగాణీ గైవాన్ చాలు. సాసరు, మూత ఉన్న పిడిలేని కప్పు అది. అంచు బయటికి విచ్చుకున్నది ఎంచుకోండి, నిలువు అంచుది చేతులు కాలుస్తుంది. మట్టి టీకుండలు అందంగా ఉంటాయి గాని వాసన పీల్చుకుంటాయి, టీ మంచిచెడ్డలు తేల్చుకోవడానికి పింగాణీనే వాడాలి. 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ తూకం తప్పనిసరి. పొడవాటి ఆకు కనుక చెంచాతో కొలిస్తే ఒకరోజు 4 గ్రాములు, ఇంకోరోజు 9 గ్రాములు పడతాయి. పాల టీ వడపోసే గుడ్డ గాని జల్లెడ గాని దీనికి వాడకండి, ఎంత కడిగినా పాల వాసన పోదు.

వూయీ టీకి 110 మిల్లీలీటర్లకు 8 గ్రాములు. చైనాలో ఒక్కో పొట్లం 8 గ్రాములో 8.3 గ్రాములో ఉండేలా కట్టడం అందుకే, ఒక జిన్‌కు అరవై పొట్లాలు వస్తాయి. కొత్తవాళ్ళు 6 గ్రాములతో మొదలుపెట్టవచ్చు. మరిగే నీళ్ళతో గైవాన్ కడిగి, వేడిగా ఉండగానే ఆకు వేసి, మూతపెట్టి రెండుసార్లు కుదిపి వాసన చూడండి. ఎండు ఆకు అసలు గుణం ఇక్కడే తెలుస్తుంది. తర్వాత తెర్లే నీళ్ళు పోసి వెంటనే వంపేయండి. ఆకు మీది దుమ్ము పోయి ముడుతలు సడలుతాయి. మొదటి నీళ్ళు 8 సెకన్లు, రెండో మూడో నీళ్ళు 5 సెకన్లు చొప్పున, నాలుగోదానికి 8, అక్కడినుంచి ఒక్కోసారి 5 నుంచి 10 సెకన్లు పెంచుకుంటూ పోవాలి. ఏడో నీళ్ళకు సుమారు అర నిమిషం అవుతుంది, ఆఖరిది ఒక నిమిషం పైన ఉంచవచ్చు. ప్రతిసారీ చివరి బొట్టు దాకా వంపాలి. అడుగున మిగిలిన రెండు చెంచాల నీళ్ళే తర్వాతి కప్పును చేదు చేస్తాయి. ఎక్కువమంది ఇళ్ళలో జరిగే తప్పు ఇదే, తిట్లు మాత్రం ఆకుకు పడతాయి.

దాన్‌చోంగ్‌కు 100 మిల్లీలీటర్లకు 5 నుంచి 7 గ్రాములు. చావ్‌జౌలో గైవాన్ నిండా ఆకు దట్టించి మూడు చిన్న కప్పుల్లోకి వంచుతారు. అది అలవాటైన నాలుకలకు సరే, కొత్తవాళ్ళకు మందులా ఉంటుంది. నీళ్ళు మరిగి దించాక అర నిమిషం ఆగి పోయండి. ఆకు నడిమిన పడేలా పోయకండి, గైవాన్ అంచు వెంట గుండ్రంగా పోయాలి. మొదటి నాలుగు నీళ్ళు పోసీ పోయగానే వంపేయాలి, 3 నుంచి 5 సెకన్లు మించకూడదు. పొట్లం అడుగున చేరిన నూకను మొదటే వేరుచేసి పక్కన పెట్టండి, చేదంతా దానిలోంచే వస్తుంది.

ఈ మోతాదులో టీ బాగా గాఢంగా ఉంటుంది. ఖాళీ కడుపుతో తాగితే వణుకు, తలతిరుగుడు రావచ్చు. భోజనం తర్వాత అరగంటకు తాగండి.

మంచిదో కాదో తేల్చుకోవడం

చిన్న చిన్న నీళ్ళతో పెట్టినప్పుడు ఒక మోస్తరు టీ కూడా బాగానే అనిపిస్తుంది. పెద్ద మొత్తం కొనేముందు చైనాలో రుచి పరీక్షకులు వాడే పద్ధతిలో ఒకసారి చూడండి. 110 మిల్లీలీటర్ల గైవాన్‌లో 5 గ్రాములు వేసి మరిగే నీళ్ళు పోయాలి. మొదటిసారి 2 నిమిషాలు, రెండోసారి 3, మూడోసారి 5 నిమిషాలు ఉంచి వంపాలి. ఇలా పెట్టిన టీ చేదుగానే ఉంటుంది, చూడవలసింది ఆ చేదు ఏమవుతుందని. నిమిషంలో కరిగి నోరూరి గొంతులో తీపి తేలితే మంచి ఆకు. నాలుక మీద పొరలా అంటుకుని కదలకపోతే ఎరువులతో త్వరగా పెంచిన ఆకు గాని, కుదుపు సరిగా అందనిది గాని అయి ఉంటుంది. పులుపు తగిలితే చెమ్మ పట్టిందని అర్థం. వాసన పొట్లంలోనూ మొదటి నీళ్ళలోనూ ముక్కు పగిలేలా ఉండి మూడో నీళ్ళకు ఒక్కసారిగా మాయమైతే బయటి సుగంధం చల్లారని అనుమానించాలి. ఆకు సొంత వాసన మూతలో తగ్గుతూ నీళ్ళలోకి దిగుతుంది, ఉన్నట్టుండి పోదు.

అయిపోయాక తడి ఆకును తెల్ల పళ్ళెంలో పరచి చూడండి. వూయీ ఆకు మెత్తగా విచ్చుకోవాలి. తేలిక, మధ్యరకం సెగల్లో అంచు ఎరుపు, నడిమి ఆకుపచ్చ తెలుస్తాయి. బొగ్గు సెగ బాగా పట్టిన ఆకు మీద సన్నటి బొబ్బలు కనిపిస్తాయి, వాటిని కప్ప వీపు అంటారు, అది లోపం కాదు. గట్టిగా, నల్లగా, నీళ్ళలో నానినా విచ్చుకోకుండా ముడుచుకునే ఉన్న ఆకు మాడిపోయినది. నిండు సెగకూ మాడుకూ తేడా ఇక్కడే ఖాయంగా తెలుస్తుంది, దుకాణదారు ఏ మాట చెప్పినా సరే.

కొనుగోలు, నిల్వ

మన దేశంలో టీ మీద దిగుమతి సుంకం బరువైనది. అందువల్ల బయటినుంచి తెప్పించేటప్పుడు ధరను పొట్లం మీద కాక, ఇంటికి చేరిన తర్వాత ఒక్కో 8 గ్రాములకు ఎంత పడిందని లెక్కేయండి. 8 గ్రాములతో సుమారు 700 మిల్లీలీటర్ల టీ వస్తుంది, ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. అమెరికాలోనో, సింగపూర్‌లోనో ఉన్న మనవాళ్ళకు అక్కడి చైనాటౌన్లలోని టీ దుకాణాలు దగ్గరే. అక్కడికి వెళితే రుచి చూపించమని అడగడానికి మొహమాటపడకండి, ఇలాంటి దుకాణాల్లో రుచి చూపించాకే అమ్మడం మర్యాద. అయిదు రకాలు తలా 25 గ్రాములు తీసుకోవడం ఒకటే రకం 125 గ్రాములు తీసుకోవడం కన్నా మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కొంటే ఆ ఏటి వూయీ సరుకు సిద్ధంగా ఉంటుంది.

సెగ పట్టిన ఊలాంగ్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బయటికి తీసిన ప్రతిసారీ చెమ్మ కడుతుంది. అల్యూమినియం పూత సంచిలో గాలి నొక్కేసి, దాన్ని బిగుతు మూత డబ్బాలో పెట్టి, వంటింటికి దూరంగా ఉంచండి. పోపుల డబ్బా పక్కన నెల రోజులు ఉన్న టీలో ఇంగువ వాసన తేలుతుంది. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో డబ్బా తెరిచి ఉంచితే కొద్ది రోజుల్లోనే ఆకు మెత్తబడుతుంది. చేత్తో నలిపితే పొడి కావలసిన ఆకు వంగిపోతుంటే చెమ్మ చేరినట్టే. అప్పుడు పారేయనక్కర్లేదు. ఓవెన్‌ను ఎనభై, తొంభై డిగ్రీల మధ్య పెట్టి, వాసన లేని పళ్ళెంలో ఆకును పలచగా పరచి అరగంట ఉంచండి. మధ్యలో రెండుసార్లు కలపండి. వాసన తియ్యగా లేచినప్పుడు తీసేసి, పూర్తిగా చల్లారాక సంచిలో కట్టి, వారం పది రోజులు కదపకుండా ఉంచి తాగండి. పచ్చ తియెగ్వాన్‌యిన్‌కు, తేలిక సెగ దాన్‌చోంగ్‌కు ఈ పని చేయకండి. వాటి పూలవాసన ఆ అరగంటలోనే ఎగిరిపోతుంది.